చూడకుండా కొట్టేసిన ఎత్తు

ఆదోనిలో ఉస్మాన్ సాబ్ దగ్గర ఒకసారి చొక్కా కుట్టించుకున్నవాళ్ళు మళ్ళీ ఆ అంగడి గడప తొక్కేవాళ్ళు కాదు. ఆయనతో చదరంగం ఆడి ఓడినవాళ్ళు మాత్రం పదే పదే వచ్చేవాళ్ళు. ఆయన అన్ని ఎత్తులూ చూసే రకం కాదు. తాను వేద్దామనుకున్న ఎత్తుకు అవతలివాడి దగ్గర గట్టి జవాబు ఒక్కటి కనబడితే చాలు, దాన్ని అక్కడికక్కడే వదిలేసేవాడు. మిగతా జవాబులతో ఇంక పనేముంది? అంతవరకూ సరైన లెక్కే. కానీ అవతలివాడు వేయగల ఎత్తుల్లో కొన్నింటిని అసలు చూడకుండానే కొట్టేసేవాడు. "మంత్రిని ఊరికే ఇచ్చేటోడు యాడన్నా ఉంటాడా? ఇది చూసే పనే లేదు" అని పైకే గొణిగేవాడు. తెలివి ఎక్కువైనవాళ్ళకు ఈ జబ్బు మామూలే.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఎమ్మిగనూరు నేతగాడు ఏసన్నతో ఆయన బస్సు మీద ఆట మొదలుపెట్టాడు. ఇద్దరి దగ్గరా చెరొక బల్ల. ఎత్తును నోటిమాటగా మోసేది బస్సు కండక్టరు బజారి. పొద్దున అంగడి ముందు నిలబడి, సాబ్ గొణుగుడంతా అయ్యేదాకా ఓపిక పట్టి, చివరికి చెప్పిన ఎత్తు తీసుకుని పోయేవాడు. సాయంత్రం ఏసన్న జవాబు తెచ్చేవాడు.

ఒక సాయంత్రం ఏసన్న తన మంత్రిని ఇచ్చేశాడు. సాబ్ నవ్వుకుంటూ తీసుకున్నాడు. ఆ వారం తిరక్కముందే ఆయన ఆటకట్టు.

సాబ్‌కు తల తిరిగిపోయింది. చూసే పనే లేదని తాను గొణిగిన చోటే దెబ్బ పడింది. ఆ గొణుగుడు విన్నది బజారి ఒక్కడే. ఇంకేం ఆలోచించాలి? బస్టాండులో నలుగురి ముందూ వాడి చొక్కా పట్టుకున్నాడు.

"నేను గొణిగిందంతా పోయి వానికి సెప్పినావు కదరా!"

"లేదు సాబ్, అల్లా తోడు..."

సాబ్ వినలేదు. నేరుగా బస్సు యజమాని దగ్గరికి పోయి, "ఇట్లాంటి నమ్మకద్రోహిని ఎట్ల పెట్టుకున్నావప్పా?" అన్నాడు. యజమాని ఆ రోజే బజారిని పనిలోంచి తీసేశాడు.

కోపం దిగాక సాబ్ పావులు మళ్ళీ పేర్చాడు, బజారి మోసాన్ని రుజువు చేద్దామనే. మొదటినుంచీ ఒక్కో ఎత్తూ చూశాడు. మంత్రిని ఇచ్చే ఎత్తు బల్ల మీద కళ్ళెదుటే ఉంది. ఏసన్నకు ఎవరూ ఏమీ చేరవేయనక్కర్లేదు. తాను చూడలేదు, అంతే. బజారినీ అట్లాగే, ఒక్క అనుమానం తగిలేసరికి, ఇంక చూడకుండా కొట్టేశాడు.

బజారిని మళ్ళీ పెట్టుకొమ్మని యజమాని దగ్గరికి పరుగున పోయాడు. "కొత్తోన్ని పెట్టుకుంటి సాబ్. ఇప్పుడు వాన్ని పొమ్మంటే ఎట్ల?" అన్నాడాయన.

బజారి అప్పటికే పత్తి మిల్లులో చేరి బేళ్ళు మోస్తున్నాడు. సాబ్ అక్కడికి పోయి, "తప్పు నాదే బజారీ" అన్నాడు.

బజారి మొహం మీది పత్తి నూగు తుడుచుకున్నాడు. "నాకు ఆ ఆటే రాదు సాబ్. యాడ మర్సిపోతానోనని, టిక్కెట్లు ఇస్తానే దావ పొడుగునా నీ మాట వల్లించుకుంటా పోయేటోన్ని." బెదురుతూ అడిగాడు. "నేను ఏదన్నా తప్పు సెప్పినానా సాబ్? అందుకే ఓడిపోతివా?"

"లేదప్పా. ఒక్కటి గూడా తప్పు లేదు."

"అయితే సాలు సాబ్" అని తేలిగ్గా ఊపిరి వదిలి, బజారి మళ్ళీ బేలు కిందికి వంగాడు. అతను ఒక్క తిట్టు తిట్టి ఉన్నా సాబ్ ప్రాణం కాస్త కుదుటపడేది.