నాయన బండికి పెద్ద టైర్లు

కోలారులో టైర్ల అంగడి ముందు కొత్త రబ్బరు వాసన తగలగానే మా గౌనిపల్లి టమాటా పెట్టెలు గుర్తొచ్చాయి. మీ ఇళ్లలోనూ పాత ఫోర్‌వీల్ పికప్ ఉండేదా? చిన్నప్పుడు మా నాయన దానికి పెద్ద టైర్లు వేయించి, ఖాళీ బండినే తిప్పి చూసి మురిసిపోయాడు. మర్నాడు టమాటాలు నింపగానే బండి కుంగి, మొదటి మలుపులోనే టైరు మడ్‌గార్డుకు రాసుకుని బర్రుమంది. సగం పెట్టెలు రోడ్డు పక్కన దించి, మార్కెట్టుకు పోయి వచ్చేదాకా వెంట వచ్చిన అమ్మనూ మమ్మల్నీ ఎండలో కాపలా పెట్టాడు.

ఇప్పుడు అదే బండికి మళ్లీ పెద్ద టైర్లు వేయించాను. ఈసారి రాగుల మూటలు నింపి, వాటిమీద ఇంటిల్లిపాదినీ ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పాను. చప్పుడే లేదు. హమ్మయ్య!

మూటమీద నుంచి అమ్మ అరిచింది: "ఆ పొద్దు మీ నాయన గూడా మమ్మల్ని ఎక్కించి చూసింటే, నాకు ఆ ఎండ తప్పేది గదప్పా!"