గేటు బయట ఆపిన మనిషిని మూడుసార్లు పిలిచాను

భోగాపురంలో విమానాశ్రయం కోసం నేల చదును చేస్తున్న ఏడాది అది. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. విజయనగరంలో ఒక కాలేజీ మైదానంలో రాష్ట్రస్థాయి స్ట్రాంగ్‌మ్యాన్ పోటీలు పెట్టారు. నేను హెడ్ రెఫరీని. ఉద్యోగం ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా. సెలవు రోజుల్లో మాత్రం మెడలో విజిలు, చేతిలో మైకు.

ఆ రోజు గురించి మా వైపు జిల్లాల్లో ఒక మాట స్థిరపడిపోయింది. నౌపడ లోకనాథం కొత్తవలస శామ్యూల్‌కి భయపడి బరిలోకి దిగలేదని. టీ కొట్టు దగ్గర, జిమ్ముల్లో, చివరికి మా బడి పిల్లల నోట కూడా విన్నాను. అది అబద్ధం. పుట్టింది నా నోటనే.

ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి. స్ట్రాంగ్‌మ్యాన్ అంటే వెయిట్‌లిఫ్టింగ్ కాదు. ఇందులో లాగ్ ఉంటుంది, దుంగ ఆకారంలో ఇనుముతో చేసింది. దాన్ని నేల మీంచి ఛాతీకి, ఛాతీ మీంచి తల పైకి లేపాలి. యోక్ ఉంటుంది, భుజాల మీద మోసుకుంటూ నడవాల్సిన ఇనుప చట్రం. అట్లాస్ స్టోన్ ఉంటుంది, గుండ్రటి రాయి. దాన్ని ఒడిలోకి తీసుకుని ఎత్తయిన దిమ్మ మీద పెట్టాలి. లాగ్ తల మీద కదలకుండా నిలిచాక రెఫరీ చెయ్యి కిందికి దించి 'డౌన్' అంటాడు. ఆ మాట వచ్చేదాకా మనిషి బరువు కింద అలాగే నిలబడి ఉండాలి. కళ్లు మన చేతి మీదే ఉంటాయి. అంత బరువు కింద ఉన్నవాడు మనల్ని అంతగా నమ్ముతాడు. ఆ సంగతి నేను మరిచాను.

మా వైపు కుర్రాళ్లకి ఈ ఆట టీవీలో చూసి వచ్చింది కాదు. అమ్మవారి సంబరాల్లో సంగిడి రాళ్లు ఎత్తడం చిన్నప్పటినుంచీ చూసినవాళ్లే. పట్టు కోసం తొలిచిన బరువైన రాతి దిమ్మను సంగిడి అంటారు. మా నాన్న సంగిడి ఎత్తేవాడు. ఆ పోటీల్లో దరఖాస్తులుండవు, ఎంట్రీ ఫీజు ఉండదు. రాయి పక్కన ఊరి పెద్ద నిలబడి మనిషి పేరు మూడుసార్లు పిలుస్తాడు. జనంలోంచి 'ఉన్నాను' అని వచ్చి రాయిని ముట్టుకుంటే వాడు పోటీలో ఉన్నట్టు. ఎత్తలేకపోయినా తప్పు లేదు, నవ్వి భుజం తడతారు. మూడు పిలుపులకీ రాకపోతే మాత్రం 'రాయికి మొహం సాటేసినోడు' అంటారు. ఆ ఏడు ఇంకే ఊళ్లోనూ వాడి పేరు పిలవరు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఈ మాట చేరడానికి పేపరూ ఫోనూ అక్కర్లేదు.

లోకనాథం నౌపడ ఉప్పు మడుల్లో బస్తాలు మోసేవాడు. పొట్టి మనిషి, మెడ ఎక్కడ మొదలైందో తెలియదు. శామ్యూల్ కొత్తవలస రైల్వే గూడ్స్ షెడ్డులో హమాలీ కొడుకు, తాటిచెట్టంత ఎత్తు. ఆదివారం పొద్దున చర్చిలో పాట పాడి, మధ్యాహ్నం యోక్ మోసేవాడు. రాయి విషయంలో లోకనాథానికి తిరుగులేదు, లాగ్ విషయంలో శామ్యూల్‌కి తిరుగులేదు. ఇద్దరినీ ఒక్క బరిలో చూడాలని అందరికీ ఆశ. ఇద్దరికీ అంతకన్నా ఎక్కువ ఆశ.

చూడనివ్వలేదు. ఎందుకంటే మాకు ఒక సంఘం చాలలేదు, రెండు ఉన్నాయి. అధ్యక్ష పదవి దగ్గర ఇద్దరు పెద్దమనుషులు పడక విడిపోయారు. వాళ్లలో ఒక్కరూ జీవితంలో రాయి ఎత్తలేదు. పాత సంఘం 'రాష్ట్ర బలశాలి' అని ఒకరికి బిరుదిస్తుంది, కొత్త సంఘం అదే బిరుదు ఇంకొకరికిస్తుంది. ఇక్కడ ఆడినవాడు అక్కడ ఆడకూడదు, ఆడితే సస్పెన్షన్. రాయి అంటిపెట్టుకోవడానికి చేతులకి రాసుకునే జిగురును టాకీ అంటారు. ఒక సంఘం దాన్ని రాసుకోమంటుంది, ఇంకో సంఘం వద్దంటుంది. దాంతో ఇద్దరి రికార్డులనూ పక్కపక్కన పెట్టి పోల్చే వీలు కూడా లేదు. ఆ వీలు లేకుండా ఉండటమే సంఘాల పెద్దలకి కావాలి. పోల్చితే ఇద్దరు విజేతల్లో ఒకడు ఓడిపోతాడు. వాడితోపాటు వాడి వెనక కుర్చీలో ఉన్నాయన కూడా ఓడిపోతాడు.

శామ్యూల్ మా పాత సంఘంలో ఉన్నాడు. లోకనాథం కొత్త సంఘంలో. అతను ఎంచుకుని వెళ్లలేదు. నౌపడకి ముందు ఆ సంఘం వాళ్లు వచ్చారు, అంతే.

ఆ ఏడు మా సంఘం 'అందరికీ ఆహ్వానం' అని పోస్టర్లు వేసింది. వాటి మీద ఇద్దరి ఫొటోలూ ఎదురెదురుగా వేశారు. జనం విరగబడి వచ్చారు. లోకనాథం కూడా నమ్మి వచ్చాడు, బట్టల సంచీ భుజాన వేసుకుని.

గేటు దగ్గర ఆపేశారు. గొడవేమిటో చూడమని నన్ను పంపారు. మా సంఘం కార్యదర్శి అక్కడే ఉన్నాడు.

"లోపలికి రానిస్తాం. ముందు స్టేజీ ఎక్కి, ఆ కొత్త సంఘం దొంగ సంఘం, అక్కడ నాకిచ్చిన బిరుదు చెల్లదు అని మైకులో చెప్పు" అంటున్నాడు.

నన్ను చూడగానే లోకనాథం మొహం విప్పారింది. "సూడండి మాస్టారూ, ఏటంతన్నారో! ఆళ్లు నాకు అన్నం ఎట్టినారు. ఆళ్ల ఊళ్లో నాను రాయెత్తినాను. దొంగలని ఎలగంటాను? నానొచ్చింది తిట్టడానికా, ఎత్తడానికా?"

"చెప్పకపోతే ఎత్తనివ్వరు" అన్నాను.

"మీరు సెప్పండి మాస్టారూ. మీరు రెఫరీ కదేటి."

ఆ మాట విని కూడా వెనక్కి వచ్చేశాను. అప్పటికి నన్ను జాతీయస్థాయి రెఫరీల ప్యానెల్‌లోకి సిఫారసు చేస్తామని సంఘం చెప్పి ఉంది. నా మౌనానికి వేరే కారణం ఏదీ లేదు.

లోపల జనం లోకనాథం పేరుతో గోల చేస్తున్నారు. పోస్టరు వేసి మనిషిని గేటు బయట ఆపారని తెలిస్తే కుర్చీలు లేచేవి. కార్యదర్శి నా చెవి దగ్గరికి వంగి, "మాస్టారూ, మీ ఊళ్లల్లో మూడుసార్లు పిలుస్తారు కదా? అలా పిలిచేయండి. జనానికి వాళ్ల పద్ధతిలోనే అర్థమైపోతుంది" అన్నాడు.

ఆయన మా ప్రాంతం వాడు కాదు. ఆ పిలుపు బరువు ఆయన విని మాత్రమే ఉంటాడు. నేను దాని మధ్యే పెరిగాను.

అట్లాస్ స్టోన్ పక్కన నిలబడి మైకు తీసుకున్నాను. "నౌపడ లోకనాథం!" అన్నాను. జనం గోల ఆపి రాయి వైపు తిరిగారు. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిచినప్పుడు వెనక నుంచి ఎవడో "ఉప్పు కరిగిపోనాదిరా!" అని అరిచాడు. మైదానం అంతా నవ్వింది. గేటు దాకా మైకు వినిపిస్తుంది. అతను విన్నాడు. 'ఉన్నాను' అని అరిచాడట కూడా. ఆ నవ్వుల్లో నాకు వినిపించలేదు. వినాలని నేను చూడనూ లేదు.

ఆ రోజు శామ్యూల్ గెలిచాడు. పతకం మెడలో వేస్తుంటే నన్ను అడిగాడు, "ఆడు నిజంగా రాలేదా మాస్టారూ?" అని.

"పిలిచాను కదా" అన్నాను. అబద్ధం చెప్పకుండా అబద్ధం చెప్పడం అంత సులువు.

ఆ తర్వాత లోకనాథాన్ని సంబరాల్లో ఏ ఊరూ పిలవలేదు. ఇంకో దారుణం చూడండి. కొత్త సంఘం కూడా అతన్ని తీసేసింది. కారణం, పాత సంఘం గేటు దాకా వెళ్లాడట! ఒకరు లోపలికి రానివ్వలేదు, ఇంకొకరు అక్కడిదాకా ఎందుకు వెళ్లావన్నారు. వాళ్ల గురించి ఒక్క మాట చెడుగా అననందుకు వాళ్లిచ్చిన బహుమానం అది. ఇద్దరు పెద్దమనుషులూ ఎదురుపడితే పలకరించుకోరు గానీ, ఈ కుర్రాణ్ణి తొక్కే దగ్గర ఒక్కరోజు కూడా సంప్రదించుకోకుండానే ఒక్కటయ్యారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు బడి గ్రౌండులో పిల్లలకి కబడ్డీ గీతలు గీయిస్తున్నాను. ఒకావిడ నేరుగా నా దగ్గరికొచ్చింది. పాదాలు ఉప్పుకి పగిలి ఉన్నాయి.

"నువ్వేనేటి బాబూ ఆ పిలిసిన మాస్టారివి? నాను లోకనాథం అమ్మని, సూరమ్మని."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నా గుంటడు గేటుకాడున్నాడని నీకు ఎరుకేనా, కాదా?"

"ఎరుకే అమ్మా."

ఆవిడ తిడుతుందనుకున్నాను. కాసేపు నా మెడలో విజిలు వంక చూసింది.

"మడిలో ఆడి పక్కనోళ్లు బస్తా ఎత్తినప్పుడల్లా మూడుమార్లు పేరు పిలిసి నవ్వుతన్నారు. ఆడు మాటాడ్డం మానీసినాడు. సూడు బాబూ, నీ కాడ నాకు ఇంకేటీ ఒద్దు. మూడుమార్లు పిలిసినావు. ఆడు వచ్చినాడని మూడుమార్లు సెప్పీ. నలుగురూ ఇన్నట్టు సెప్పీ."

వచ్చిన బస్సుకే వెళ్లిపోయింది.

మొదటిసారి వాళ్ల ఊరి సంబరంలోనే చెప్పాను. శామ్యూల్‌కి ముందే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత, "అయితే నాను గెలిసింది ఎవడి మీద మాస్టారూ?" అన్నాడు. సంబరం రోజున చెప్పకుండా రైలెక్కి వచ్చేశాడు.

ఊరి పెద్ద మైకు ఇచ్చాడు. రాయి పక్కన నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. కొందరు తిట్టారు. ఒక ముసలాయన "ఇంతకాలం ఏటి నమిలినావు మాస్టారూ?" అన్నాడు. ఊరి పెద్ద నా చేతిలోంచి మైకు తీసుకుని లోకనాథం పేరు పిలిచాడు. మొదటి పిలుపుకే "ఉన్నాను" అని వచ్చాడు. సంగిడి తల పైకి లేపి, అలవాటు చొప్పున నా వంక చూశాడు, డౌన్ కోసం. చెయ్యి దించాను.

అప్పుడు చూశాను. జనంలో అందరికన్నా ఒక తల ఎత్తుగా శామ్యూల్. చొక్కా చేతులు మడిచి ఉన్నాడు.

"నన్నూ పిలవండి మాస్టారూ" అన్నాడు.

జనం ఈలలు వేశారు. ఇన్నేళ్లుగా అందరూ కోరుకున్నది రాయికి అటూ ఇటూ నిలబడి ఉంది. కానీ శామ్యూల్‌కి స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం ఖాయం కాబోతోంది, అదీ మా సంఘం సిఫారసు మీదే. సంఘం అనుమతి లేనిచోట రాయి ముట్టుకుంటే సస్పెన్షన్. జనం చేతుల్లో ఫోన్లు వీడియో తీస్తున్నాయి.

మైకు మళ్లీ నా చేతికొచ్చింది. నేను పేరు ఎత్తేలోపే లోకనాథం అడ్డొచ్చాడు.

"ఒద్దు మాస్టారూ. ఆణ్ణి పిలవకండి. పిలిస్తే ఆగలేడు. ముట్టుకున్నాడంటే ఆడి నౌకరీ పోతాది."

"నౌకరీ ఏటి మావా, రాయి ఇటియ్యి!" అన్నాడు శామ్యూల్ ముందుకొస్తూ.

లోకనాథం ఆ రాయి మీద కూర్చున్నాడు. కూర్చుని చెమట తుడుచుకున్నాడు. "ఎల్లరా బావా, ఎల్లి రైలు డూటీ సెయ్యి. నానెప్పుడైనా కొత్తవలస వస్తే టికెట్ లేకుండా ఎక్కనీ." ఊరంతా నవ్వారు. శామ్యూల్ నవ్వలేదు. చొక్కా చేతులు కిందికి లాక్కుని, కళ్లు తుడుచుకుని, రాయి చుట్టూ ఒకసారి నడిచి వెళ్లిపోయాడు.

వాళ్లిద్దరిలో ఎవరు బలవంతుడో నాకు తెలియదు. మీకూ తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. లోకనాథానికి ఆ చలికాలంలోనే నడుం పట్టేసింది, మళ్లీ రాయి ఎత్తలేదు. శామ్యూల్ ఉద్యోగంలో చేరి బరువులు మానేశాడు. రెండు సంఘాలూ మాత్రం బాగున్నాయి. ఈ ఏడు కూడా చెరొక బలశాలిని తేల్చాయి.

రెండోసారి మా సంఘం సర్వసభ్య సమావేశంలో లేచి చెప్పాను. ఆ మాటను మినిట్స్ పుస్తకంలో రాయవద్దన్నారు. నెల తిరక్కుండా నన్ను రెఫరీల ప్యానెల్ నుంచి తీసేశారు. అందుకు నాకు కోపం లేదు. నా కోపం ఆ పోస్టరు మీద. ఒక మనిషి ఫొటో వేసి జనాన్ని పిలిచి, ఆ మనిషినే గేటు బయట నిలబెట్టిన తెలివి మీద. దానికి గొంతు అరువిచ్చిన నా మీద.

కొత్తగా రెఫరీలయ్యే కుర్రాళ్లు నా దగ్గరికి నేర్చుకోవడానికి వస్తుంటారు. డౌన్ ఎప్పుడు చెప్పాలో, మోకాలు ఎంత వంగితే నో లిఫ్టో తర్వాత చెబుతాను. ముందు చెప్పేది ఒక్కటే: ఒక మనిషి పేరు పిలిచేముందు గేటు దాకా నడిచి వెళ్లి చూసి రండి.

సూరమ్మగారికి ఇంకో మాట బాకీ ఉన్నాను. ఇది మూడోసారి. నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

నౌపడ లోకనాథం వచ్చాడు.