కొరమీను ముక్కు, మహానంది ముక్కు

కర్నూలు ఏటిగడ్డన గాలం వేసేవాళ్లలో మహానందిది పెద్ద పేరు. అంతకంటే పెద్దది అతని నశ్యం డబ్బీ. పూటకు పదిసార్లు మూత తెరవాల్సిందే. ఆ నశ్యం వేళ్లతోనే గాలానికి ఎర గుచ్చి, చేపలు పడకపోతే తుంగభద్రను తిట్టేవాడు.

"ఏరేం చేసింది? నీ వేళ్ల కంపుకు చేపలు పారిపోతాండాయి," అనేది పెండ్లాం ఈరక్క.

"చేపకు ముక్కు యాడుండాదే? మొప్పలతో ఊపిరి తీసేదానికి ముక్కెందుకు?" అని దబాయించేవాడు.

ఈ పోట్లాట ఎంతకీ తెగక, ఇద్దరూ మిషన్ బడిలో సైన్సు చెప్పే దావీదురాజు అయ్యవారి దగ్గరికి పోయారు. ఆయన దగ్గర రామేశ్వరం నుంచి తెచ్చిన పగడపు దిబ్బల చేప ఒకటి స్పిరిట్ సీసాలో ఉండేది. అరచేతంత కూడా లేదు గానీ ఒళ్లంతా పసుపు చారలు.

అయ్యవారు దాన్ని బయటికి తీసి, కంటి ముందరి చిన్న బొక్కలో గుర్రపు వెంట్రుక దూర్చాడు. అది గొంతులోకి పోలేదు. పక్కనున్న రెండో బొక్కలోంచి బయటికొచ్చింది.

"నీళ్లు ముందుదాంట్లో పోయి వెనకదాంట్లో వస్తాయి. నడుమ పూరేకుల మాదిరి మడతలుండాయి. వాసన పట్టేది అవే. ఊపిరితో దీనికి పనిలేదు మహానందీ. నీ ఏటి చేపలకూ ఇంతే."

మహానంది చేపను అనుమానంగా చూసి, తీరిగ్గా ఒక పట్టు నశ్యం పీల్చాడు. "దానికి వాసనకు ముక్కు, నాకు నశ్యానికి ముక్కు. ఎవురిది వాళ్లకు పెట్టినాడు దేవుడు."

ఏం చేస్తుంది ఆ ఇల్లాలు? మర్నాటి నుంచి ఎర గుచ్చే పని తనే తీసుకుంది. చేతులకు ఒండ్రుమట్టి రుద్దుకుని ఆమె గుచ్చేది, అతను కర్ర పట్టుకుని కూర్చునేవాడు. చేపలు పడేవి. పేరు మాత్రం మహానందిదే. పన్నెండేళ్లు ఇలాగే వెలగబెట్టాడు మహానుభావుడు.

ఆ ఏడు ఈరక్కకు చలిజ్వరం పట్టుకుంది. తొమ్మిది రోజులు గంజి తప్ప ఏదీ మింగలేదు. పదోనాడు, "కొరమీను పులుసైతే రెండు ముద్దలు తింటా. నువ్వు పట్టిందే కావల్ల," అంది.

మహానంది ఏటికి ఉరికాడు. తనే ఎర గుచ్చాడు. మధ్యాహ్నం దాకా ఒక్క చేప తగిలితే ఒట్టు. ఇంటి దగ్గర మనిషి మంచానికి అతుక్కుపోతోంది, ఇక్కడ తన వేళ్లు కంపు కొడుతున్నాయి. అతనికి భయం పుట్టింది. ఇసుకతో, ఒండ్రుమట్టితో గోళ్లలో నెత్తురు చిమ్మేదాకా తోముకున్నాడు. డబ్బీని దూరంగా గడ్డిలో పెట్టి వచ్చాడు. పొద్దు వాలేసరికి మూరెడు కొరమీను పడింది.

పులుసన్నం తినిపిస్తుంటే ఈరక్క అతని చేయి పట్టుకుని వాసన చూసింది. "నశ్యం యాడ పెట్టినావు?"

"ఇంక ముట్టను. చేప పడినాంక మూత తీసి అంతా ఏట్లో కుమ్మరించినా."

"ఏట్లో యాడ?"

"మనం గాలమేసే మడుగులోనే."

ఈరక్క జ్వరం వచ్చాక మొదటిసారి కడుపు పట్టుకుని నవ్వింది.

"నా తండ్రే! ఇంక వారం దినాలు ఆడికి ఒక్క చేపన్నా వస్తుందా? ఆ కొరమీను తలకాయ పారెయ్యాకు, రేపటికి అదే పులుసు."