తాళం వేసిన ఫైలు రైతుల గ్రూపులో పడింది

రాజమండ్రిలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో నా ఉద్యోగం. మేం తీసిన అంకెల్లో వేటిని నమ్మొచ్చో, వేటిని నమ్మకూడదో రాసిన ఫైలుని క్లౌడ్‌లో పెట్టి, నాకూ మేనేజరుగారికీ తప్ప ఎవరికీ తెరుచుకోకుండా చేశాను. ఈ రోజు పొద్దున్న ఆయన ఫోన్లో అది తెరుచుకోలేదు. విసుగొచ్చి, ఆఫీసు కంప్యూటర్లోంచి ఎవరైనా చూసేలా సెట్టింగు మార్చేసి, స్టాఫ్ గ్రూపనుకుని లింకుని రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు.

మధ్యాహ్నం యానాం దగ్గరి రైతు సత్యనారాయణగారు ఫోన్ చేశారు.

"ఏంటమ్మా, మా చెరువుని నమ్మకూడదని రాశారంట?"

"చెరువుని కాదండీ. మీ నీళ్లు పరీక్షించిన రోజు మా మీటరు సరిగ్గా పనిచేయలేదు. ఆ అంకెలు నమ్మొద్దని రాశాను."

"ఆ సంగతి నీకు తెలుసు. రేపు రొయ్యల పట్టుబడికి వచ్చి సరుకు కొంటానన్న వ్యాపారి ఇప్పుడు ఫోనెత్తట్లేదు తల్లీ."

మేనేజరుగారి దగ్గరికి పరిగెత్తాను. "ఇప్పుడు ఫోన్లో చక్కగా తెరుచుకుంటోందమ్మా" అన్నారు సంతోషంగా. అక్కడే నిలబడి లింకు మూసేశాను. అప్పటికే ఆ పేజీ ఫొటోలు వేరే గ్రూపుల్లో తిరుగుతున్నాయి. తప్పు మా మీటరుదేనని రైతుల గ్రూపులో వివరంగా రాసి పెడితే, ఒకాయన దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

సాయంత్రం సత్యనారాయణగారికి నేనే ఫోన్ చేశాను. వ్యాపారి ఇంకా ఫోనెత్తలేదట. "రేపు పొద్దున్నే వచ్చి మళ్లీ పరీక్ష చేస్తానండీ" అన్నాను. "రామ్మా, నీ తప్పేం ఉంది" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఫైలుకి తాళం వేయడం నాకు వచ్చు. చదివినవాళ్ల మనసులోంచి ఒక మాట తీసేయడం ఎలాగో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.