కుట్టు కోసం వదిలిన అర అంగుళం

మా మామగారు ఎద్దుల్ని అమ్మేసి పాత ట్రాక్టరు కొన్న ఏడాది ఊరంతా నవ్వింది. డెబ్బైల మొదట్లో రేపల్లె దగ్గర మా ఊళ్ళో అదొక్కటే ట్రాక్టరు. కాలవకు నీళ్ళొదిలారు, నారు ఊడ్పుకొచ్చింది, సరిగ్గా మడిని బురదగా దున్నే దమ్ముకు దిగిన రోజే అది మొరాయించింది. నీళ్ళపంపుకీ ఇంజనుకీ మధ్య ఉండే గాస్కెట్, మావైపు పేకింగు అంటారు, అరిగి చిట్లిపోయి నీళ్ళు ధారకట్టాయి. అరగంటకే ఇంజను కుతకుత ఉడికేది. నారు ముదిరిపోతే ఆ ఏడు పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ అదనులో ఎవరి ఎద్దులూ ఖాళీగా లేవు. ఉన్నా మామగారు వెళ్ళి అడిగే రకం కాదు.

మా ఆయన తెనాలి వెళ్ళి దుకాణాలన్నీ తిరిగి, చివరికి మందపాటి నల్లట్ట ఒకటి పట్టుకొచ్చారు. కంపెనీ పేకింగు రావడానికి వారం పడుతుందట, అందాకా ఈ అట్ట కోసుకోమన్నారట. నేను కోస్తానన్నాను. పెళ్ళికి ముందు బాపట్లలో మూడేళ్ళు కుట్టుపని నేర్చుకున్నదాన్ని. నా కత్తెర వంకర పోదని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

"రవికలు కుట్టడం కాదమ్మాయ్ ఇది," అన్నారు మామగారు.

"కోత కోతే కదండీ మామయ్యగారూ."

మా ఆయన ట్రాక్టర్ని వాకిట్లోకి చేర్చి, బోల్టులు విప్పి పంపు ఊడదీశారు. అంటుకుపోయిన పాత ముక్కల్ని నేను మొండి చాకుతో గీకేశాను. పంపు అంచుకు ఆయిలు పూసి అట్ట మీద అద్దితే, లోపలి గీతా బయటి గీతా స్పష్టంగా అచ్చు పడింది. కోశాను, మేకుతో బోల్టులకు కన్నాలు పొడిచాను, ఆయన బిగించారు. ఒక్క చుక్క కారలేదు. నేను మామగారి వంక ఓరగా చూశాను. పావుగంటకు ఇంజను మళ్ళీ ఉడికింది.

"చెప్పానా," అంటూ మామగారు అరుగు మీద కూలబడ్డారు.

విప్పి చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతి అలవాటు కొద్దీ, గీత మీద కాకుండా కుట్టు కోసం రెండు వైపులా అర అంగుళం వదిలి కోశాను. బయట వదిలింది ఏ హానీ చేయలేదు. లోపల వదిలింది నీళ్ళదారికి అడ్డం పడింది. ఇనుముకి కుట్లేముంటాయి? నన్ను నేనే తిట్టుకుంటూ, మిగిలిన అట్టలో ఇంకోటి కోశాను, ఈసారి సరిగ్గా గీత మీద. చేసిన తప్పేంటో మామగారికి చెప్పాకే బిగించనిచ్చాను.

ఆ మధ్యాహ్నం చేలో దిగిన ట్రాక్టరు మర్నాడు దమ్ము పూర్తయ్యేదాకా ఆగలేదు. మూడో రోజుకి నాట్లు పడ్డాయి. నాట్లు పచ్చగా నిలదొక్కుకున్నాక పక్కచేను ఆసామి మా ఇంటికొచ్చాడు.

"మా ఆయిలింజను పంపు పేకింగు పోయింది బావా. మీకు బాగుచేసిన మెకానిక్కు ఎవరు?"

"మా కోడలు," అన్నారు మామగారు. "తీరికుంటే కోసిస్తది. మర్యాదగా అడుగు."

కాపురానికొచ్చిన నాలుగేళ్ళలో ఆయన నన్ను బయటివాళ్ళ ముందు గొప్పగా చెప్పుకోవడం అదే మొదలు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. అయినా బెట్టు సడలకుండా వంటింటి గుమ్మంలోంచే జవాబిచ్చాను.

"పంపు విప్పి తెమ్మనండి మామయ్యగారూ. కొలత లేకుండా నేను కత్తెర పట్టను."