మోరీ కింది నీళ్ళు

ఇన్నేళ్ళుగా నా గుండెల మీద ఒక ఇత్తడి కుండ ఉంది. దించుకోవడానికి చోటు దొరకలేదు. మీరు మా వాళ్ళెవరూ కారు కాబట్టి మీ ముందు దించుతున్నాను.

నేను పిరికిదాన్ని కాను. మగ్గం మీద చీర చెడితే, చెడగొట్టింది నేనేనని మొగుడి ముందే చెప్పే మనిషిని. ఈ ఒక్క సంగతి దగ్గరే నోరు పెగల్లేదు.

డెబ్బైల్లో మాట. అక్క కొడుక్కి మూడేళ్ళొచ్చినా నడక రాలేదు. ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి స్వామికి పాలకుండ మోస్తానని అక్క మొక్కుకుంది. కనకమ్మ సత్రం ఊరి నుంచి ఇద్దరం వట్టి కాళ్ళతో బయలుదేరాం. రోడ్డంతా జనం. అందుకని ఏటి పక్కన, పట్టాలు పీకేసిన పాత రైలుకట్ట పట్టాం. కుండ నేల తాకకూడదు. దోవలో చెడ్డమాట అనకూడదు. అక్కకు అత్త గుర్తొచ్చింది, ఇంకేముంది!

"నా బిడ్డ నడవకపోతే నాది పాడుకడుపు అంటాదా? దాని నోట్లో మన్ను పడ!"

నేను పగలబడి నవ్వాను. అక్క తిడుతుంటే వినడానికి అంత బాగుండేది.

కంకర గుచ్చుకుని అక్క కాళ్ళు నెత్తురు కారాయి. కుండ నాకిచ్చి, కడుక్కోవడానికి ఏట్లోకి దిగింది. నేను ఊరికే నిలబడొచ్చు కదా? నడిచాను. మన్నులో మిగిలిపోయిన స్లీపరు చెక్క తగిలి తూలాను. కుండ పడలేదు గానీ సగం పాలు కంకరలోకి ఇంకిపోయాయి. కాలితో మన్ను కప్పి, కట్టకు అవతలివైపు దిగి, కుండ చంకన పెట్టుకునే వాననీళ్ళు పోయే మోరీ కింద నిలిచిన నీళ్ళు చేరెడు చేరెడుగా తోడి నింపాను. అక్క బాధపడుతుందనా? కాదు. ఆ నోరు నా మీదికి తిరుగుతుందని.

కొండ మీద పూజారి కుండ వంచి మొహం చిట్లించాడు. "ఎన్నమ్మా, పాలా ఇది?"

మెట్లు దిగుతూ అక్క అడిగింది.

"నీ చేతిలో ఉన్నెప్పుడు ఏమన్నా అయిందా, మే?"

"ఏం కాలేదక్కా."

"అట్లయితే నా నోరే. స్వామి పాలను నీళ్ళు చేసేసినాడు."

ఆ దీపావళికి పిల్లవాడు నడిచాడు. అక్క మాత్రం మళ్ళీ నోరెత్తలేదు. అత్త ఏమన్నా తల వంచుకునేది, చెయ్యి చేసుకున్న రోజు కూడా. నేను పక్కనే ఉన్నాను. చెబితే పాత అక్క తిరిగొస్తుందని తెలిసీ, మొదటి తిట్టు నాకే పడుతుందని వెనకాడి, అత్త పోయేదాకా రేపు చెబుదాంలే అని ఊరుకున్న నన్ను ఏమనాలి?

ఇప్పుడు కోడలు విసుక్కున్నా అక్క నవ్వి ఊరుకుంటుంది. ఊళ్ళో అందరూ ఆమె ఓర్పును మెచ్చుకుంటారు. ఆ ఓర్పు నేను పోసిన మోరీ నీళ్ళు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. అక్కకు చెప్పగలనా? ఇంకా తెలియదు. ఇవాళ్టికి ఇది తిన్నగా రాయగలిగాను: పాలు ఒలకబోసింది నేను. నీళ్ళు కలిపింది నేను. అక్క నోట్లో ఏ తప్పూ లేదు.

ఊపిరి ఆడుతోంది.