పాస్‌పోర్టుల కిటికీ దగ్గర ఆవిడ

రాయబార కార్యాలయంలో పాస్‌పోర్టుల కిటికీ వెనక కూర్చునే అధికారిణి, కూతుర్నీ భర్తనూ స్వదేశంలో వదిలి వచ్చి రెండేళ్లయింది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు కూతురు ఫోన్ చేసి పావుగంట మాట్లాడుతుంది. ఆ పావుగంట కోసం ఆవిడ గబగబా నాలుగు ముద్దలు మింగి, జుట్టు సవరించుకుని కూర్చుంటుంది. కూతురి పుట్టినరోజున సరిగ్గా ఆ వేళకే ఒక తాపీమేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు.

"పాస్‌పోర్టు పోయిందమ్మా. రేపు మా ఆవిడకి కాన్పు ఆపరేషన్. సాయంత్రమే విమానం."

ఆవిడ మోగుతున్న ఫోన్‌ను సొరుగులో పెట్టేసింది. ప్రయాణానికి కావలసిన తాత్కాలిక పత్రం తానే రాసి, సంతకాల కోసం పై అంతస్తుకు మూడుసార్లు ఎక్కి దిగింది. అతణ్ణి పంపేసరికి నాలుగైంది. ఇంటికి ఫోన్ చేస్తే భర్త ఎత్తాడు.

"నీ కూతురు అలిగింది. మాట్లాడదట."

"అలగనీలెండి, పుట్టినరోజు కదా," అని మేస్త్రీ సంగతి చెప్పి, ఫోన్ పెట్టేసి ఆవిడ చాలాసేపు గోడవైపు తిరిగి నిలబడింది.

మర్నాడు ఒంటిగంటకు ఫోన్ మోగింది. బతిమాలబోతుంటే కూతురే అంది: "నాన్న చెప్పాడులే. ఇంతకీ వాళ్లకి బాబా, పాపా?"

ఆవిడ కూతుర్ని ఆగమని, ఆఫీసు ఫోన్‌లో మేస్త్రీ దరఖాస్తులోని ఇంటి నంబరుకు చేసి కనుక్కుని, కూతురికి చెప్పింది.

"పాపేనమ్మా. పొద్దున పుట్టిందట."

"అబ్బా, ఒక్కరోజు ముందొస్తే దాని సొమ్మేం పోయింది? ఇద్దరం కలిసి చేసుకునేవాళ్లం!"

ఆవిడ పకపకా నవ్వింది. కిటికీ బయట వరుసలో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూశారు.